షుగర్ ఉంది, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 'నార్మల్' అని రిపోర్ట్. అయినా స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) వేసుకోవాల్నా?

హంద్రీ_ఒడ్డు
మా నాయనకు 54 ఏండ్లు. షుగర్ వచ్చి తొమ్మిదేళ్లు. బీపీకి ఒక మాత్ర నడుస్తోంది. గుండె జబ్బు లేదు, పక్షవాతం లేదు. మొన్నటి రిపోర్ట్: టోటల్ కొలెస్ట్రాల్ 178, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఇంకో రకం కొవ్వు) 210, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 34, ఎల్‌డీఎల్ 102. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 7.6. ఎల్‌డీఎల్ పక్కన కాగితంలో 130 లోపు నార్మల్ అనే ఉంది. అయినా డాక్టరు రోసువాస్టాటిన్ 10 ఎంజీ మాత్ర రాసి, ఇక ఆపేది లేదన్నాడు. పక్కింటాయన వచ్చి "షుగర్ ఇంకా ఎక్కుతాది, కండరాలు కరిగిపోతాయి, లివర్ పోతాది" అని చెప్పి పోయినాడు. మాత్రల షీటు అట్లే బల్ల మీద ఉంది. తెలిసినోళ్లు చెప్పండి. కర్నూలు.

చెనిక్కాయ_రైతు
ఉండనీలే అన్నా అట్లే. జ్వరం లేనోనికి జ్వరం మాత్ర ఇచ్చినట్లుండాది. 102కి మాత్ర ఏంటికి? అందులోనూ షుగర్ పేషెంటుకు షుగర్ పెంచే మాత్ర!

ఎర్రకారం_దోశ
పక్కింటాయన ఏ మెడికల్ కాలేజీలో చదివినాడో కూడా రాయండి, లెక్క సరిపోతాది.

పెన్నా_పాయ
రైతన్నా, ఆ 130 అనేది షుగర్, బీపీ ఏమీ లేనోళ్ల కోసం అచ్చేసిన రేంజ్. ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌కు మనిషికి షుగర్ ఉందో లేదో తెలీదు. షుగర్ ఉన్నోళ్లకు స్టాటిన్ రాసేది ఎల్‌డీఎల్ ఎక్కువుందని కాదు, రక్తనాళాలకు ముప్పు ఎక్కువుందని.

షుగర్ మనిషిలో ఎల్‌డీఎల్ అంకె మామూలుగానే కనిపిస్తాది. కానీ ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ ఉన్నప్పుడు ఎల్‌డీఎల్ రేణువులు చిన్నగా, చిక్కగా, సంఖ్యలో ఎక్కువగా ఉంటాయి. మన రిపోర్ట్ కొలిచేది వాటిలోని కొలెస్ట్రాల్ బరువును, రేణువుల సంఖ్యను కాదు. అంటే 102 ఉన్న ఇద్దరిలో ఒకరికి రేణువులు చాలా ఎక్కువ ఉండొచ్చు. హంద్రీ అన్న నాయనగారి రిపోర్ట్ అచ్చం ఆ కోవకే వస్తాది: 210, 34.

ఇప్పుడున్న మార్గదర్శకాల సారం ఇది. షుగర్ ఉండి 40 నుంచి 75 ఏళ్ల మధ్య ఉంటే, ఎల్‌డీఎల్ ఎంతున్నా కనీసం మధ్యస్థ మోతాదు స్టాటిన్. దానికి తోడు బీపీ, పొగ, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోవడం, కిడ్నీ దెబ్బ, హెచ్‌డీఎల్ తక్కువ, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు ఇట్లాంటివి కూడా ఉంటే ఎల్‌డీఎల్ సగానికి తగ్గాలి, 70 లోపు ఉండాలి. ఇప్పటికే గుండెపోటో పక్షవాతమో వచ్చుంటే ఎక్కువ మోతాదు, 55 లోపు. 20 నుంచి 39 ఏళ్లోళ్లకు అందరికీ కాదు, అదనపు ముప్పులుంటే ఆలోచిస్తారు.

నాయనగారికి 54 ఏండ్లు, బీపీ, హెచ్‌డీఎల్ 34. డాక్టరు పుస్తకం దాటి ఏమీ రాయలేదు.

ల్యాబ్_రంగడు
పై పోస్టుకు కొంచెం లెక్క కలుపుతా. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవరు, లెక్క కడతారు. టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేసి, ట్రైగ్లిజరైడ్స్‌లో ఐదో వంతు కూడా తీసేస్తారు. 178 – 34 – 42 = 102. అంటే ఈ 102 కూడా లెక్కకట్టినదే. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఈ సూత్రం పనికిరాదు, డైరెక్ట్ ఎల్‌డీఎల్ చేయించాల.

షుగర్ మనిషికి నేనైతే నాన్ హెచ్‌డీఎల్ చూడమంటా. టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే చాలు: 178 – 34 = 144. ఎల్‌డీఎల్ టార్గెట్‌కు 30 కలిపితే దీని టార్గెట్ వస్తాది. 70కి 100. ఇక్కడ 144 ఉంది. నార్మల్ అన్న కాగితమే ఈ లెక్కలో ఫెయిల్.

ఇంకోటి. రెండు మూడు వారాల ముందు పెద్ద జ్వరమో, ఇన్ఫెక్షనో, ఆపరేషనో అయ్యుంటే కొలెస్ట్రాల్ తాత్కాలికంగా పడిపోతాది. ఆ రిపోర్ట్ చూపించి "తగ్గిపోయింది" అనుకోవద్దు. ఇక పరగడుపు సంగతి: మామూలుగా చూసేదానికి అక్కర్లేదు, ట్రైగ్లిజరైడ్స్ 400 దాటి వస్తే మాత్రం పరగడుపున మళ్లీ చేయించుకోవాల.

చెనిక్కాయ_రైతు
పెన్నా అన్నా, మార్గదర్శకాలు ఎవరు రాస్తారో, ఆ సభలకు టీ టిఫిన్లు ఎవరు పెడతారో అందరికీ తెల్సు. "37 శాతం తగ్గింది" లాంటి మాటలు నాకొద్దు. వంద మంది మింగితే ఎంతమందికి లాభం? అది చెప్పండి.

పెన్నా_పాయ
సరైన ప్రశ్న. 2004లో లాన్సెట్‌లో వచ్చిన కార్డ్స్ ట్రయల్ అచ్చం ఇలాంటి వాళ్ల మీదే చేసింది. టైప్ 2 షుగర్, వయసు 40–75, గుండె జబ్బు లేదు, ఎల్‌డీఎల్ 160 మించలేదు, పైగా బీపీ, పొగ, కంటి పొర దెబ్బ, మూత్రంలో అల్బుమిన్ వీటిలో కనీసం ఒకటుంది. 2,838 మందిలో సగం మందికి అటోర్వాస్టాటిన్ 10, సగం మందికి ఉత్తుత్తి మాత్ర (మందు లేనిది). దాదాపు నాలుగేళ్లు. గుండెపోటు, పక్షవాతం లాంటివి ఉత్తుత్తి మాత్ర వైపు 127 మందికి, మందు వైపు 83 మందికి. మీరు విసుక్కున్న ఆ 37 శాతం ఇదే. మీ లెక్కలో చెప్తే వందకు 9 మంది బదులు 6 మంది కంటే తక్కువ. నాలుగేళ్లకు వందలో ముగ్గురు. ఇది పదేళ్లు, ఇరవై ఏళ్లు సాగితే ఎంతవుతాదో మీరే చూసుకోండి.

డబ్బు సంగతి: అవును, ఈ ట్రయల్‌లో ఆ మందు కంపెనీ ఫైజర్ డబ్బుంది. డయాబెటిస్ యూకే, బ్రిటన్ ఆరోగ్య శాఖ కూడా పెట్టినాయి. లాభం కనబడి అనుకున్నదానికంటే దాదాపు రెండేళ్లు ముందే ఆపేసినారు. ఆ తర్వాత 2008లో 14 ట్రయల్స్‌లోని 18,686 మంది షుగర్ పేషెంట్లను కలిపి చూసినారు. ఎల్‌డీఎల్ సుమారు 39 ఎంజీ తగ్గిన ప్రతిసారీ గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ఘటనలు ఐదో వంతు తగ్గినాయి. ఇప్పుడు ఈ మందులు జెనరిక్‌లో ఎవరైనా తయారుచేసేవే, పేటెంట్లు పోయి చాలా కాలమైంది.

చెనిక్కాయ_రైతు
వందలో ముగ్గురు. మిగతా 97 మంది ఊరికే మింగినట్లే గదా.

బేనీషాన్
ఆ ముగ్గురు ఎవరో ముందే తెలిస్తే మిగిలినోళ్లకు ఇవ్వనక్కర్లేదు అన్నా. తెలీదు కాబట్టే.

హంద్రీ_ఒడ్డు
లెక్కలు అర్థమైనాయి. షుగర్ పెరుగుతాది అన్నది నిజమా అబద్ధమా?

బేనీషాన్
నిజం. కానీ ఎంత అన్నది చూడాల. 2010లో 13 ట్రయల్స్‌లోని 91,140 మందిని కలిపి చూస్తే, స్టాటిన్ వేసుకున్నోళ్లలో కొత్తగా షుగర్ రావడం 9 శాతం ఎక్కువ. 255 మందికి నాలుగేళ్లు ఇస్తే ఒకరికి కొత్తగా షుగర్ తేలినట్లు. ఎక్కువ మోతాదుల్లో ఇది ఇంకొంచెం ఎక్కువ. తేలేది కూడా ఎక్కువగా బార్డర్‌లో ఉన్నోళ్లకే, అంటే హెచ్‌బీఏ1సీ 6.2, 6.3 ఉన్నోళ్లకు.

మీ నాయనకు షుగర్ ఇప్పటికే ఉంది కాబట్టి "కొత్తగా వస్తాది" అన్న భయం వర్తించదు. వర్తించేది ఉన్నది ఎంత పెరుగుతాదన్నది. సగటున హెచ్‌బీఏ1సీలో 0.1 దగ్గర. 7.6 కాస్తా 7.7.  అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లోనే ఈ సంగతి లేబుల్ మీద రాయించింది, దాచిందేమీ లేదు. మాత్ర మొదలుపెట్టిన మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ చూడండి. 0.5, 1 పెరిగితే దాన్ని స్టాటిన్ మీదికి తొయ్యొద్దు, తిండో, మాత్రలు మర్చిపోవడమో, ఇన్ఫెక్షనో, మధ్యలో వేసిన స్టెరాయిడ్ సూదో అయ్యుంటాది.

ఎర్రకారం_దోశ
పెళ్లిళ్ల సీజన్‌లో ఓళిగలు తిని స్టాటిన్ మీద కేసు పెట్టేవాళ్లు మా కడపలో వాడకొకరు.

మందులషాపు
ఆదోనిలో కౌంటర్ దగ్గర రోజూ వినేది కండరాల నొప్పి గురించే. దానికి ఒక పద్ధతి ఉంది, వరుసగా చూడాల.

స్టాటిన్ నొప్పి ఎట్లుంటాది అంటే, రెండు తొడలూ, రెండు పిక్కలూ, లేదా రెండు భుజాలూ ఒకేసారి. పెద్ద కండరాలు. మెట్లెక్కేటప్పుడు, కింద కూర్చుని లేచేటప్పుడు బరువుగా ఉంటాది. మొదలయ్యేది ఎక్కువగా మందు కొత్తగా వేసిన, లేదా మోతాదు పెంచిన మొదటి వారాల్లో. ఒకే కాలు నొప్పి, ఒకే మోకాలు, నడుం పట్టేయడం, ఇవి మామూలుగా స్టాటిన్‌వి కావు.

షుగర్ మనుషుల్లో చిక్కు ఏందంటే ఇట్లాంటి నొప్పులు వేరేవి ఇప్పటికే ఉంటాయి. అరికాళ్ల మంటలు, సూదులు గుచ్చినట్లు, రాత్రి ఎక్కువ: అది నరాలది. చెయ్యి పైకెత్తలేక భుజం బిగుసుకుపోతే అది షుగర్‌లో మామూలుగా వచ్చే ఫ్రోజెన్ షోల్డర్. కొంత దూరం నడవగానే పిక్క పట్టేసి, నిలబడితే తగ్గితే అది కాలి రక్తనాళం మూసుకుపోవడం. ఇది మాత్రం జాగ్రత్త, ఎందుకంటే ఆ మనిషికి స్టాటిన్ ఇంకా గట్టిగా కావాల. ఆపితే ఉల్టా నష్టం. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వేసుకునేటోళ్లకు బీ12 తగ్గి తిమ్మిర్లు వస్తాయి. ఇవన్నీ "కొలెస్ట్రాల్ మాత్ర వల్లే" అని ఆపేస్తాండారు.

ల్యాబ్_రంగడు
నొప్పి ఉంటే సీపీకే (కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) టెస్టు చేస్తారు. కానీ ముందు రెండు మూడు రోజులు చేను పనో, బరువులు మోయడమో, జిమ్మో చేసుంటే అది ఊరికే పెరుగుతాది. పిరుదుకు సూది వేయించుకున్నా పెరుగుతాది. చెనిక్కాయ పీకే రోజుల్లో వచ్చి సీపీకే చేయించుకుని 600 చూసి హడలిపోతాండారు. రెండు రోజులు పని ఆపి రండి. నార్మల్ పైగీత 200 ఉన్న ల్యాబులో 2,000, అంటే పదింతలు దాటితే మాత్ర వెంటనే ఆపాల. మూత్రం చిక్కటి డికాక్షన్ రంగులో వస్తే టెస్టు కోసం ఆగొద్దు, అదే రోజు ఆసుపత్రి. అది చాలా అరుదు, కానీ కిడ్నీ దెబ్బతింటాది.

నొప్పేమీ లేనోళ్లకు ఊరికే సీపీకే చేయించడం దండగ.

పెన్నా_పాయ
దీనికి తోడు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ టెస్టు) చూడండి. థైరాయిడ్ తక్కువుంటే కొలెస్ట్రాల్ కూడా పెరుగుతాది, స్టాటిన్‌తో నొప్పులూ ఎక్కువవుతాయి. ముందు థైరాయిడ్ సరిచేస్తే కొందరికి రెండూ తగ్గుతాయి. 

నిజంగానే మందు నొప్పి అనిపిస్తే చేసేది: డాక్టరుకు చెప్పి రెండు నుంచి నాలుగు వారాలు ఆపడం. తగ్గకపోతే అది స్టాటిన్ కాదు, మళ్లీ మొదలు. తగ్గితే వేరే స్టాటిన్, తక్కువ మోతాదు. అదీ పడకపోతే రోసువాస్టాటిన్ 5 రోజు మార్చి రోజు. రోసువా ఒంట్లో ఎక్కువసేపు ఉంటాది కాబట్టి ఇది పనికొస్తాది. రెండు మూడు రకాలు చూసినా కుదరకపోతే స్టాటిన్ కాని కొలెస్ట్రాల్ మందులు ఎజిటిమైబ్, లేదా బెంపెడోయిక్ యాసిడ్. మొదటి నొప్పికే "నాకు స్టాటిన్ పడదు" అని ముద్ర వేసుకోవద్దు.

2020లో శామ్సన్ అనే చిన్న ట్రయల్ చేసినారు. సైడ్ ఎఫెక్టుల వల్ల స్టాటిన్ మానేసిన 60 మందికి ఒక ఏడాది, కొన్ని నెలలు అటోర్వా 20, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఖాళీ డబ్బా. బాధల మార్కులు వందకు: ఖాళీ నెలల్లో 8, ఉత్తుత్తి మాత్రతో 15.4, మందుతో 16.3. బాధ నిజమే, కానీ అందులో సుమారు 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చింది.

చెనిక్కాయ_రైతు
అంటే పక్కింటాయన మాటలే సైడ్ ఎఫెక్ట్ అంటారు.

ఎర్రకారం_దోశ
ఇంతకాలానికి రైతన్న, డాక్టర్లు ఒక మాట మీదికి వచ్చినారు. స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకున్నా.

మందులషాపు
ఒక ముఖ్యమైన సంగతి ఎవరూ చెప్పలేదు. షుగర్ మనుషులకు గజ్జల్లో, నడుం చుట్టూ తామర చాలా మామూలు. దానికి ఇట్రాకోనజోల్ క్యాప్సూల్ వారాల తరబడి రాస్తాండారు, కొన్నిసార్లు చీటీ లేకుండానే అడిగి కొంటాండారు. ఇది అటోర్వాస్టాటిన్, సిమ్వాస్టాటిన్ రెండింటినీ లివర్‌లో విరగనీకుండా ఆపుతాది. అంటే మీరు వేసుకున్న అటోర్వా 40 ఒంట్లో అంతకు రెండు మూడింతలై కూర్చుంటాది. కండరాలు దెబ్బతినేది ఇట్లాంటప్పుడే. దగ్గుకో, కడుపులో పుండుకో ఇచ్చే క్లారిత్రోమైసిన్ కూడా అంతే. అజిత్రోమైసిన్‌తో ఈ గొడవ తక్కువ.

చేయాల్సింది: చర్మం డాక్టరుకు "నేను స్టాటిన్ వేసుకుంటాండా" అని చెప్పండి. సిమ్వా అయితే ఆ కోర్సు అయ్యేదాకా ఆపుతారు. అటోర్వా అయితే ఆపుతారు, లేదా 20 మించనీరు. లేదంటే టెర్బినాఫిన్ అనే ఇంకో తామర మందుకు మారుస్తారు. రోసువాకు ఇట్రాకోనజోల్‌తో తేడా స్వల్పమే. హంద్రీ అన్నా, మీ నాయనది రోసువా కాబట్టి ఈ పేచీ తక్కువ.

రోసువాకు వేరే పేచీ ఉంది. గ్యాస్ కోసం తాగే అల్యూమినియం, మెగ్నీషియం సిరప్ దాంతో కలిపి తాగితే మందు సగం దాకా ఒంటికి పట్టదు. మాత్ర వేసుకున్నాక రెండు గంటలు ఆగి తాగాల.

హంద్రీ_ఒడ్డు
ఇది బాగా చెప్పినారు. నాయనకు అన్నం తిన్నాక ఆ గులాబీ సిరప్ లేకపోతే నడవదు. మాత్ర రాత్రి పూటే వేసుకోవాల్నా?

మందులషాపు
సిమ్వాస్టాటిన్ అయితే రాత్రే, అది రెండు మూడు గంటల్లో సగం అయిపోతాది, లివర్ కొలెస్ట్రాల్ ఎక్కువ తయారుచేసేది రాత్రి పూట. అటోర్వా, రోసువా ఏ పూటైనా సరే. మర్చిపోని పూట మంచి పూట. ఉదయం బీపీ మాత్రతో కలిపేసుకోండి, సిరప్ పేచీ కూడా పోతాది. ఒకరోజు మర్చిపోతే మరుసటి రోజు రెండు వేయొద్దు.

ఇంకోటి, షీటు వెనక పేరు చదవండి. స్టాటిన్ ఒక్కటే రాస్తే, దొరకలేదని స్టాటిన్ ప్లస్ యాస్పిరిన్ క్యాప్సూల్ చేతిలో పెట్టేవాళ్లు ఉండారు. ధర దగ్గరదగ్గరే, కానీ మందు వేరు. గుండె జబ్బు లేని షుగర్ మనుషులందరికీ యాస్పిరిన్ అక్కర్లేదు. 2018లో వచ్చిన అసెండ్ ట్రయల్‌లో 15,480 మందికి ఇచ్చి చూస్తే గుండె, రక్తనాళాల ఘటనలు 12 శాతం తగ్గినాయి, పెద్ద రక్తస్రావాలు 29 శాతం పెరిగినాయి. చిన్నక్షరాల్లో 75 అని కనిపిస్తే అది యాస్పిరిన్, స్టాటిన్ మోతాదు కాదు.

సంగటి_ముద్ద
ట్రైగ్లిజరైడ్స్ 210 ఉన్నాయి గదా, స్టాటిన్ బదులు వాటిని తగ్గించే ఫెనోఫైబ్రేట్ వేస్తే సరిపోదా? మా మామకు కడపలో అదే రాసినారు.

బేనీషాన్
సరిపోదు. గుండెపోటును ఆపినట్లు రుజువున్నది స్టాటిన్‌కు. షుగర్ మనుషుల్లో స్టాటిన్ మీద ఫెనోఫైబ్రేట్ కలిపి చూసిన అకార్డ్ ట్రయల్, 2010, మొత్తం మీద అదనపు లాభం చూపలేదు. 210కి మొదట చేయాల్సింది షుగర్ దించడం, బరువు, మద్యం తాగే అలవాటుంటే అది మానడం. హెచ్‌బీఏ1సీ 9 ఉన్నోళ్లకు షుగర్ అదుపులోకి వస్తే ట్రైగ్లిజరైడ్స్ బాగా దిగడం మామూలే. 500 దాటితే మాత్రం కథ వేరు. అది క్లోమానికి ముప్పు, అప్పుడు ఫెనోఫైబ్రేట్ ముందుకొస్తాది. మీ మామకు అంత ఉండొచ్చు. స్టాటిన్‌తో కలపాల్సి వస్తే ఫెనోఫైబ్రేటే, అదే కోవలోని జెమ్‌ఫిబ్రోజిల్ కలపకూడదు.

గుత్తికోట
తిండితో తగ్గించుకోవచ్చు గదా అని రైతన్న అడిగేలోపు నేనే చెప్తా. తిండి మార్పులతో ఎల్‌డీఎల్ గట్టిగా పాటిస్తే 10–15 శాతం దిగుతాది. 102 కాస్తా 88, 90. 70 రాదు. అయినా మానొద్దు, రెండూ కావాల.

మన అనంతపురం లెక్కలో: నెలకు మనిషికి నూనె అర లీటరు దగ్గర ఆగాల. చెనిక్కాయ నూనెలో కరుడు (శాచురేటెడ్) కొవ్వు ఐదో వంతు లోపే, పామాయిల్‌లో దాదాపు సగం. బయట బజ్జీల బాణలిలో మరిగేది ఏదో మీకు తెల్సు. ఉగ్గాని తప్పు కాదు, దాని పక్కన నాలుగు బజ్జీలు తప్పు. సంగటి మంచిదని రెండు ముద్దలు తింటే షుగర్‌కు రాగి, బియ్యం తేడా తెలీదు. ఒక చిన్న ముద్ద, ఆకుకూర పప్పు ఎక్కువ. పొట్టేలు తలకాయ, మెదడు, లివర్ నెలకోసారి చాలు.

ఎర్రకారం_దోశ
అక్కా, నెలకోసారి అన్నది తలకాయకా, మనిషికా?

గుత్తికోట
ఇంటికి.

తాడిపత్రి_అల్లుడు
మా ఇంటామెకు 33 ఏండ్లు, షుగర్ ఉంది, మూత్రంలో అల్బుమిన్ కొంచెం ఉందని అటోర్వా 10 రాసినారు. రెండో బిడ్డ కోసం చూస్తాండాము. వేసుకోవచ్చా?

పెన్నా_పాయ
ఈ మాట డాక్టరుకు మొదటే చెప్పండి. గర్భం కోసం ప్రయత్నించేటప్పుడు మామూలుగా స్టాటిన్ ఆపుతారు, పాలిచ్చేటప్పుడూ వద్దంటారు. ఎఫ్‌డీఏ 2021లో "గర్భిణులకు పూర్తిగా నిషిద్ధం" అన్న మాట తీసేసింది కానీ, చాలామందికి ఆపడమే మంచిదని అదే చెప్తాది. తెలీకుండా కొన్ని రోజులు వేసుకుని ఉంటే భయపడి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు, ఆపి డాక్టరును కలవండి. 33 ఏళ్లకు ఏడాదో రెండేళ్లో ఆపితే పోయేదేమీ లేదు. ఆమె బీపీ మాత్ర వేసుకుంటాంటే దాని పేరు కూడా చూపించండి, అల్బుమిన్ కోసం ఇచ్చే కొన్ని మాత్రలు గర్భంలో స్టాటిన్ కంటే ఎక్కువ హాని.

సంగటి_ముద్ద
మా జేజికి 81. షుగర్ ఉంది. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టాల్నా?

బేనీషాన్
75 దాటినోళ్లలో ఇప్పటికే వేసుకుంటా బాగున్నోళ్లకు ఆపరు. కొత్తగా మొదలుపెట్టేదానికి గట్టి రూలు లేదు. మనిషి చలాకీగా ఉందా, ఎన్ని మాత్రలు మింగుతోంది, గుండె జబ్బు ఉందా, ఆమె ఏమంటోంది, అవన్నీ చూసి మాట్లాడుకోవాల. మొదలుపెడితే ఎక్కువ మోతాదు కాదు. కింద పడే అలవాటు, బలహీనత ఉన్న మనిషికి బలవంతం చేయరు.

ల్యాబ్_రంగడు
డయాలిసిస్ మీద ఉన్నోళ్ల సంగతీ కలపండి. కిడ్నీ వార్డుల నుంచి వచ్చే లిపిడ్ చీటీలు చూస్తాంటాం.

పెన్నా_పాయ
డయాలిసిస్ మీదికి వెళ్లాక కొత్తగా మొదలుపెడితే లాభం కనపడలేదు. 2005లో జర్మనీలో షుగర్ ఉన్న డయాలిసిస్ పేషెంట్ల మీద చేసిన ట్రయల్‌లో అటోర్వా 20 పెద్దగా తేడా తేలేదు. ముందునుంచీ వేసుకుంటాంటే కొనసాగిస్తారు. డయాలిసిస్ దాకా పోని కిడ్నీ జబ్బులో మాత్రం స్టాటిన్ తప్పక పనిచేస్తాది. అటోర్వాకు మోతాదు మార్చక్కర్లేదు. రోసువా అయితే కిడ్నీ వడపోత నిమిషానికి 30 ఎంఎల్ లోపు పడితే 5తో మొదలు, 10 దాటకూడదు. మామూలు వాళ్లలోనూ ఆసియా జనానికి రోసువా రక్తంలో ఎక్కువ తేలుతాది కాబట్టి 5తో మొదలుపెట్టమని లేబుల్‌లోనే ఉంది.

చెనిక్కాయ_రైతు
దొరికిపోయినారు. మరి వీళ్ల నాయనకు 10 ఎట్ల రాసినారు?

పెన్నా_పాయ
5 అన్నది మొదలుపెట్టే మోతాదు, పైహద్దు కాదు. టార్గెట్ 70 లోపు రావాలంటే 10 రాయడం తప్పు కాదు. 5తో మొదలుపెట్టి ఆరు వారాలకు చూసి పెంచినా తప్పు కాదు. 5తో సుమారు 40 శాతం దిగుతాది, 10తో 46, 20తో 52. మోతాదు రెట్టింపు చేసిన ప్రతిసారీ అదనంగా వచ్చేది 6 శాతమే. మొదటి మాత్రే పెద్ద పని చేస్తాది. అందుకే మోతాదు పెంచుకుంటా పోయేకంటే, తగ్గకపోతే ఎజిటిమైబ్ 10 కలపడం మేలు, అది ఇంకో 20 శాతం దాకా దించుతాది.

హంద్రీ_ఒడ్డు
లివర్ సంగతి ఒకటి మిగిలింది. నాయనకు అల్ట్రాసౌండ్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1 అని ఉంది. లివర్ టెస్టు ఎస్‌జీపీటీ 58.

ల్యాబ్_రంగడు
అడ్డం కాదు. పైగీత 40 అనుకుంటే మూడింతలు అంటే 120. అంతకు పైన ఉండి, మళ్లీ చేసినా తగ్గకపోతేనే ఆలోచించాల. 58 ఫ్యాటీ లివర్ వల్లే, స్టాటిన్ వేసుకోక ముందే ఉంది గదా. ఈ రిపోర్ట్ దాచిపెట్టండి, రేపు 62 వస్తే "మాత్ర వల్లే" అని ఎవరూ అనకుండా. మొదలుపెట్టే ముందు ఒకసారి చేయించుకుంటే చాలు, లక్షణాలు లేకుండా నెల నెలా లివర్ టెస్టులు (ఎల్‌ఎఫ్‌టీ) అక్కర్లేదని ఎఫ్‌డీఏ కూడా 2012లోనే చెప్పింది. కామెర్లు, ముదిరిన సిర్రోసిస్ ఉన్నోళ్ల సంగతి వేరు.

చెనిక్కాయ_రైతు
నేను ఇప్పటికీ చెప్పేది, షుగర్ వచ్చిన ప్రతి ఒక్కనికీ వయసు, ముప్పు చూడకుండా రాసేయడం తప్పు. 28 ఏళ్ల పిల్లోనికి, ఏ ముప్పూ లేనోనికి కూడా రాస్తాండారు.

పెన్నా_పాయ
ఆ మాట మీద మీతో గొడవ లేదు. 40 లోపు ఊరికే రాయకూడదు.

హంద్రీ_ఒడ్డు
ఉదయం బీపీ మాత్రతో వేయించేది నిర్ణయమైంది. మళ్లీ టెస్టు ఎప్పుడు? చేయించే ముందు రెండు రోజులు మాత్ర ఆపాల్నా?

ల్యాబ్_రంగడు
ఆపొద్దు, మాత్ర ఎంత పనిచేస్తోందో చూసేదానికే టెస్టు. 4 నుంచి 12 వారాల మధ్య, అదే ల్యాబులో. ఇప్పటి లెక్క ప్రకారం ఎల్‌డీఎల్ 55–60 దగ్గర రావాల. 95 వస్తే మందు పనిచేయలేదని కాదు, ముందు షీటులో ఎన్ని మాత్రలు మిగిలినాయో లెక్కపెట్టండి. సరిగ్గా వచ్చినాక ఏడాదికోసారి చాలు. అదే రోజు మూత్రంలో అల్బుమిన్, క్రియాటినిన్ రేషియో కూడా చేయించండి. మీ రిపోర్ట్‌లో అది లేదు. 30 దాటితే కిడ్నీ డాక్టరు లెక్క కూడా మొదలవుతాది.

ఎర్రకారం_దోశ
మిగిలిన మాత్రలు లెక్కపెట్టే పని పక్కింటాయనకు అప్పగించండి. ఎట్లా వస్తానే ఉంటాడు.